దిగని స్టేషన్లు

మా చెల్లెలి కూతురు సౌమ్య, దాని మొగుడు కిరణ్ మొన్నో ఆదివారం గుడివాడ నుంచి కారేసుకుని బందరులో మా ఇంటికొచ్చారు. ఇద్దరివీ ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటరు ఉద్యోగాలే. అందుకేనేమో, ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి బయల్దేరే ఆలోచనలోనే ఉంటారు. నేను కాఫీ కలిపి తెచ్చేలోపే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, "పెద్దమ్మా, మా యూరప్ ప్లాన్ చూడు" అంది సౌమ్య. చూశాను. రంగురంగుల గళ్లు. ఒక గడిలో పారిస్, పక్క గడిలో ఆమ్‌స్టర్‌డామ్, దాని కింద ప్రాగ్, వియన్నా, వెనిస్, ఇంకా నోరు తిరగనివి బోలెడు. పొద్దున ఒక దేశం, సాయంత్రం ఇంకో దేశం. ఏ ఊళ్లోనూ పొద్దు పొడవడం, పొద్దు గుంకడం రెండూ చూసే యోగం వీళ్లకి రాసిపెట్టి లేదు. రైలు పాసు కొంటారట. ఆ పాసుంటే ఆ దేశాలన్నిట్లోనూ రైళ్లెక్కొచ్చట. కాకపోతే స్పీడు రైళ్లకి సీటు డబ్బు విడిగా కట్టాలట, అందుకని వాటిని మానేసి, నత్తనడక రైళ్లు మారుకుంటూ వెళ్తారట. రాత్రి రైల్లోనే పడుకుంటే హోటలు ఖర్చు మిగులుతుందట. "పాసు పూర్తిగా వాడుకోవాలి కదండీ అత్తయ్యగారూ, లేకపోతే దండగ" అన్నాడు కిరణ్, లోకంలో ఈ రహస్యం తనకొక్కడికే తెలిసినట్టు.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. అంతలోనే సౌమ్య నా భుజం మీద చెయ్యేసి, "నువ్వూ మాతో రా పెద్దమ్మా. నీ ఖర్చు మాది" అంది. అబద్ధమెందుకు, గుండె ఒక్కసారి ఎగిరింది. బందరు పక్కనే ఉన్న గూడూరు హైస్కూల్లో తెలుగు చెబుతూ, ఉద్యోగమంతా బందరు బస్టాండుకీ ఆ స్కూలుకీ మధ్య గడిపినదాన్ని. పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడో చేయించి బీరువాలో పెట్టుకున్నాను, ఎందుకని అడిగితే చెప్పలేను. ఏదైనా ఒక్క చోటు తృప్తిగా చూసి రావాలన్న కోరిక ఈ వయసులోనూ చావలేదు. "నన్నెందుకే" అంటూనే ఉన్నాను, మొహం వెలిగిపోతోందని నాకే తెలుస్తోంది. అప్పుడు కిరణ్ నోరు జారాడు. "రైల్లో పడుకోని రాత్రులకి వంటిల్లున్న రూములు తీసుకుంటున్నామండీ. రైస్ కుక్కర్ కూడా పట్టుకెళ్తున్నాం. మీరుంటే మాకిక తిండి బెంగ ఉండదు." సౌమ్య బల్ల కింద వాడి కాలు తొక్కింది కానీ, అప్పటికే ఆలస్యమైంది. చాల్లే సంబడం అనుకున్నాను లోపల. ఆలోచించి చెబుతానని పంపేశాను. వాళ్లు వెళ్లాక కాఫీ గ్లాసులు కడుగుతుంటే నాకు యూరప్ గుర్తురాలేదు. మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న బందరు రైల్వే స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. రైల్వే వాళ్లకి ఏటా కొన్ని పాసులిచ్చేవారు. పెళ్లాంబిడ్డలతో సహా టిక్కెట్టు లేకుండా వెళ్లి రావచ్చు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ దారిన, మధ్యలో ఏ ఊళ్లో దిగి ఆగుతారు అన్నది ముందే పాసు మీద రాయించుకోవాలి. మిగతా గుమాస్తాలు బుద్ధిగా తిరుపతికో, అత్తారి ఊరికో రాయించుకునేవారు. మా నాన్నకి వాళ్లంటే చులకన. "తిరపతికి పాసు వాడటమంటే ఏనుగెక్కి పెరట్లోకి వెళ్లడం" అనేవాడు. పాసుకి దూరమే విలువ అన్నది ఆయన సిద్ధాంతం. అందుకని వరండాలో దేశపటం పరిచి, దాని మీద వేలు పాకించి, పట్టాలు ఎక్కడ అయిపోతాయో అక్కడికి రాయించేవాడు. ఆ ఊళ్లో మాకు చుట్టం ఉండడు, పని ఉండదు, అక్కడ చూడాల్సింది ఏముందో కూడా ఆయనకి తెలీదు, తెలుసుకోవాలని ఉండదు. వెళ్లడం, వెయిటింగు హాల్లో నీళ్లు పోసుకోవడం, తిరుగు రైలెక్కడం. ఊళ్లోకి వెళ్తే సత్రానికి డబ్బివ్వాలి, రిక్షాకి ఇవ్వాలి. రైల్లో అయితే అన్నీ ఉచితం. దీనికి ఆయన పెట్టుకున్న పేరు దేశాటన.

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఇంటి వాసన మారేది. పొద్దున్నే కందిపొడికి పప్పు వేపిన కమ్మటి వాసన, మధ్యాహ్నానికి పులిహోర పులుసు ఉడికి దగ్గరపడే వాసన, ఈ రెంటి మీదా పంపు స్టవ్వు తాలూకు కిరసనాయిలు కంపు. అమ్మ చెక్కలు వేయించి డబ్బాకెత్తేది, ఆవకాయ జాడీ మూతికి గుడ్డ చుట్టి తాడు బిగించేది, బియ్యం మూట కట్టేది, స్టవ్వు పిన్నులు కొంగుకి గుచ్చుకునేది. ఇంత హంగామా ఎందుకయ్యా అంటే, అయ్యగారికి బయటి తిండి పడదు. రాజావారి కడుపు. బందరు దాటి బయటికి వెళ్లని రోజుల్లో కూడా పరాయి చేతి వంట తినడమంటే ఆయనకి పరువు తక్కువ. ఆయన చేసే పనల్లా గుమ్మంలో నిలబడి, "ఏమేవ్, పచ్చడి పెట్టావా? మజ్జిగకి తోడు పెట్టావా?" అని అరవడమే. అన్నీ మోసేది అమ్మ, పేరు మాత్రం ఆయనది.

రైలు పెద్ద జంక్షన్లో ఆగిందంటే అమ్మ దిగేది. ప్లాట్‌ఫారం చివర, గాలి తగలని చోట బెంచీ చాటున స్టవ్వు పెట్టి, పంపు కొట్టి, కొంగు అడ్డుపెట్టి వెలిగించేది. స్టేషన్ వాళ్లు చూస్తే ఊరుకోరు కాబట్టి నేను కాపలా. నాన్న కిటికీలోంచి చూస్తూ, "తొందరగా కానీ, బండి కదులుతుంది" అని హెచ్చరించేవాడు. అన్నం వార్చి, గిన్నె గుడ్డలో పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కేసరికి ఆవిడ మొహం చెమటతో తడిసి ముద్దయ్యేది. మా అమ్మకి జంక్షనంటే ఊరు కాదు, అన్నం ఉడికేంత టైము. నాగపూరు ఎలా ఉంటుందండీ అని పక్కింటావిడ ఆశగా అడిగితే, "కుళాయిలో నీళ్లు బాగా వస్తాయండీ" అని చెప్పింది ఓసారి. ఎకసెక్కం కాదు. ఆవిడ చూసిన నాగపూరు అంతే.

తిరిగొచ్చాక నెల్లాళ్ల పాటు మా అరుగు మీద సభ జరిగేది. పార్సిల్ ఆఫీసు వాళ్లు, ఇద్దరు ముగ్గురు బడిపంతుళ్లు, వీధి చివర కొట్టు షావుకారు. నాన్న కాలు మీద కాలేసుకుని, "ఆగ్రా చూశాం, మధుర చూశాం, ఢిల్లీ అయితే రెండుసార్లు చూశాం" అనేవాడు. ఆగ్రా దాటినప్పుడు ఆయన పై బెర్తు మీద గురక పెడుతున్నాడు, నేను సాక్షిని. అయినా ఆ పెద్దమనుషులు నోళ్లు తెరుచుకుని వినేవారు. ఎంత దూరం వెళ్లొచ్చావని అడిగేవారు కానీ, ఏం చూశావయ్యా అని ఒక్కడంటే ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. మూఢులకి మూఢుడే పండితుడు. వాళ్లకి కాఫీలు అందించి, లోపలికొచ్చి, అమ్మ గ్లాసులు కాస్త చప్పుడు చేస్తూ కడిగేది.

అమ్మ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు అవతల. ఆ వైపు పుట్టినవాళ్లకి నీళ్ల గురించి ఒకరు చెప్పక్కర్లేదు. కాలవలో పారే నీళ్లు, చేలో నిలిచే నీళ్లు, తుపానొస్తే అడక్కుండా ఇంట్లోకొచ్చే నీళ్లు, అన్నీ చూసింది. చూడనిది ఒక్కటే, పైనుంచి పడే నీళ్లు. నేలంతా చాప పరిచినట్టుండే చోట నీళ్లు ఎక్కణ్ణుంచి పడతాయి? ఒక ప్రయాణంలో ఎదురు సీట్లో కూర్చున్న తెలుగావిడ, జబల్‌పూర్‌లో కాపురం ఉంటుందట, మాటల్లో చెప్పింది. అక్కడ నర్మద రాళ్ల మీంచి కిందకి దూకుతుందనీ, పొగ లేచినట్టు తుంపర లేస్తుందనీ, దగ్గరికెళ్తే చీర తడిసిపోతుందనీ. అమ్మ వంచిన తల ఎత్తి విన్నది. ఆవిడ ఏ సంగతైనా అంత శ్రద్ధగా వినడం నేను అంతకుముందు చూడలేదు. అప్పటినుంచీ ఆ దారిన వెళ్లే ప్రతిసారీ, "ఏవండీ, ఈసారి జబల్‌పూర్లో దిగుదామండీ" అనేది. నాన్న "సరే, రాయిస్తాలే" అనేవాడు. నిజంగానే పాసు మీద రాయించేవాడు కూడా. తీరా ఊరొచ్చేసరికి, "ఇక్కడ దిగితే అవతల బండి అందదే. పాసు దండగైపోతుంది" అనేవాడు. రైలు కదిలేది. అమ్మ కిటికీలోంచి ఆ ఊరి చివరి ఇంటి దాకా చూసేది.

ఆ ఏడు ఆయనగారి వేలు గోరఖ్‌పూర్ దాకా పాకింది. మా చెల్లెలు అప్పటికింకా పుట్టలేదు. గోరఖ్‌పూర్లో మాకేం పనయ్యా అంటే ఏమీ లేదు. దూరం, అంతే. రైలు పొద్దున్నే జబల్‌పూర్లో ఆగింది. అమ్మ ఎప్పట్లాగే కారియరు, నీళ్ల కూజా పట్టుకుని, "దా" అని నన్ను పిలిచి దిగింది. కూజాలో నీళ్లు పట్టింది. స్టవ్వు తేలేదేమిటా అని నేను చూస్తున్నాను. తీరిగ్గా వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నాన్న కిటికీలోంచి, "అక్కడ కూర్చున్నావేంటి? ఎక్కు" అన్నాడు. "మీరు వెళ్లి రండి. మేము ఆ నీళ్లు చూసి ఇక్కడే కూర్చుంటాం" అంది అమ్మ. మజ్జిగ కావాలా అన్నంత మామూలుగా అంది. ఆయనకి ముందు అర్థం కాలేదు. విజిలేశారు. అప్పుడు తువ్వాలు భుజం మీంచి జారిపోతుంటే తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఎక్కవే! నీకేమైనా పిచ్చా?" అని కేకలు. దిగుదామంటే లోపల సామాను. రైలు కదిలింది. భాష రాని ఊళ్లో పెళ్లాన్నీ కూతుర్నీ వదిలేసి పోతూ ఆ మగమహారాజు అరిచిన ఆఖరి మాట, "పాసు నా దగ్గరుందే!" అని. "ఉంచుకోండి" అంది అమ్మ. రైలు చప్పుళ్లో ఆయనకి వినపడి ఉండదు. నాకు వినపడింది.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ నా జడ సరిచేసి, స్టేషను బయటికి నడిపించింది. హిందీ ఒక్క ముక్క రాదు. జట్కావాడి ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు ఆడిస్తూ దబ్బున కిందకి దింపింది, నోటితో చప్పుడు చేస్తూ. వాడు నవ్వి, బస్సులు ఆగే చోటికి తీసుకెళ్లి ఎక్కించాడు. అక్కడ దిగి రాళ్ల మీదుగా నడుస్తుంటే, ముందు చప్పుడు వినపడింది, తర్వాత తుంపర కనపడింది, ఆ తర్వాత నది. వేసవి కదా, నీళ్లు తక్కువున్నాయని జనం సైగలు చేసి చెప్పారు. మాకు ఆ తక్కువే ఎక్కువైంది. తెల్లటి బండల మీంచి నీళ్లు ఒళ్లు తెలియనట్టు పడుతున్నాయి. అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. మొహం తడిసింది, జాకెట్టు తడిసింది, తుడుచుకోలేదు. చాలాసేపటికి నా చెవి దగ్గరికొంగి, "ఇవి రాత్రిళ్లు కూడా పడుతూనే ఉంటాయా?" అని అరిచింది. ఉంటాయన్నాను. "ఎవరూ చూడకపోయినా?" అంది. తర్వాత నవ్వింది. మా అమ్మకి పై వరసలో ఒక పన్ను వంకరగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఒక బండ మీద కూర్చుని కారియరు విప్పి, పులిహోర, పెరుగన్నం, అడుగున ఉన్న చెక్కలు, మొత్తం ఇద్దరమే తినేశాం. నాన్నకి ఉంచుదామా అని నేను అడగలేదు, ఆవిడా అనలేదు. సాయంత్రం స్టేషనుకి తిరిగొచ్చేసరికి ఆయన అదే బెంచీ మీద, సామాను చుట్టూ పేర్చుకుని కూర్చుని ఉన్నాడు. తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురొచ్చే బండెక్కి వచ్చాడట. తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా భయపడ్డాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. అమ్మ వైపు చూసి, "తినడానికి ఏమైనా ఉందా?" అన్నాడు. "అయిపోయిందండీ" అంది అమ్మ. "ఆ బండి మీద పూరీలు వేస్తున్నాడు, తెచ్చుకోండి." కాసేపు అటూ ఇటూ చూసి, లేచి వెళ్లి తెచ్చుకున్నాడు. తిన్నాడు. మళ్లీ వెళ్లి ఇంకో పొట్లం తెచ్చుకున్నాడు. ఆ రాజావారి కడుపుకి ఏమీ కాలేదు.

బందరొచ్చాక అరుగు మీద సభలో ఏమన్నాడో తెలుసా? "జబల్‌పూర్లో బ్రేక్ జర్నీ ముందే రాయించి పెట్టానండీ, ఆడవాళ్లు సరదా పడతారని. అక్కడ జలపాతం చూసి తీరాలి." అందరూ ఆహా అన్నారు. ఆ జలపాతం ఆయన కంటితో చూడలేదు. గుమ్మం లోపల అమ్మ కాఫీలు కలుపుతోంది. నేను కోపంతో ఉడికిపోతుంటే, "పోనీలే, చెప్పుకోనీ" అంది. ఆ తర్వాతా పాసులొచ్చాయి, రైళ్లెక్కాం, స్టవ్వు వెలిగింది. ఆవిడ ఇంకెక్కడా దిగలేదు. ధైర్యమంతా ఆ ఒక్కసారికే ఖర్చయిపోయిందో, అదొక్కటి చాలనుకుందో నాకు తెలీదు. పోయే ముందు వారం మంచంలో ఉండి కూడా, ఆ నీళ్ల చప్పుడు ఎలా ఉందో నాకే మళ్లీ చెప్పింది. గోరఖ్‌పూర్ గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇదంతా తల్చుకుని, అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటా అని చూస్తే నాకు నవ్వొస్తోంది. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు. మా నాన్నకి పాసు ఊరికే వచ్చేది, ఊరికే తిరిగాడు. వీళ్లు సొంత డబ్బు పోసి కొనుక్కుని మరీ దిగకుండా తిరుగుతారట. ఆయనకి అరుగు ఉండేది, వీళ్లకి ఫోనుంది. పంపు స్టవ్వు పోయి రైస్ కుక్కర్ వచ్చింది. దాని పక్కన నిలబడటానికి ఒక ఆడది కావాలి, అది మాత్రం మారలేదు. చదువుకున్నారు, సంపాదిస్తున్నారు, ఆడామగా సమానమంటారు, వాడు పెళ్లానికి కాఫీ కూడా పెట్టి ఇస్తాడు. నాలుగు రోజులు ఇల్లు కదిలేసరికి ఒక పెద్దమ్మ కావలసొచ్చింది.

మర్నాడు సౌమ్యకి ఫోన్ చేశాను. "వస్తానే. కానీ నువ్వు చూపించిన గళ్లలో స్విట్జర్లాండ్లో ఒక ఊరుంది చూడు, రైలు మారడానికి ఆగేది, కొండ మీంచి నీళ్లు పడుతున్న బొమ్మ పెట్టావు. నన్ను అక్కడ దింపెయ్యండి. మీరు దేశాలన్నీ తిరిగి, వెనక్కొచ్చేటప్పుడు ఎక్కించుకోండి. నా తిండి నేను చూసుకుంటాను. మీకు మాత్రం వండను." అని చెప్పేశాను. "అయ్యో, వంట కోసమా పెద్దమ్మా నిన్ను పిలిచింది!" అంది. ఎందుకోసమో చెప్పలేదు. కిరణ్‌తో మాట్లాడి చెబుతానంది.

వారం తర్వాత చెప్పింది. నా వయసుకి ఇన్సూరెన్స్ కష్టమట, వీసాకి అపాయింట్‌మెంట్లు దొరకడం లేదట, అక్కడ చలి నా మోకాళ్లకి పడదట. నా మోకాళ్ల మీద దానికి అంత ప్రేముందని అప్పుడే తెలిసింది. సరేలే అన్నాను. నిజం చెప్పాలంటే, వెళ్లాలని ఉంది నాకు. చాలా ఉంది. ఫోన్ పెట్టేస్తూ సౌమ్య నన్ను ఊరడించడానికన్నట్టు, "కిరణ్ వాళ్ల చల్లపల్లి పిన్ని వస్తోందిలే పెద్దమ్మా. ఆవిడకి ఎక్కడికెళ్లినా వంట చేయకపోతే తోచదు" అంది. ఆవిడా ఇంచుమించు నా ఈడుదే. వయసు, వీసా, చలి, ఆవిడకేవీ అడ్డు రాలేదు.

రమణమ్మగారని ఆవిడ పేరు. సౌమ్య పెళ్లిలో చూశాను, విస్తళ్ల మధ్య తిరగడమే తప్ప కూర్చోగా చూడలేదు. నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. "ఎవరూ, వదినగారా! కందిపొడి కొడుతున్నానండీ, పిల్లలకి ప్రయాణానికి" అని మిక్సీ మోత మీంచి అరిచింది. నాకు తిట్టాలనిపించింది, ఎవర్నో తెలీలేదు. మా అమ్మ బెంచీ మీద కూర్చున్న సంగతి నుంచి పూరీల దాకా మొత్తం చెప్పాను. ఆవిడ మధ్యలో ఒకసారి నవ్వింది. చివర్న, "వదినగారూ, స్విట్జర్లాండ్లో రైలు మారే ఆ కొండల ఊరు రాగానే మీరు దిగిపోండి. తిరుగు దారిలో ఎక్కించుకుంటారు, ఎక్కించుకోక చస్తారా" అన్నాను.

"అయ్య బాబోయ్, ఎంత మాటండీ! పిల్లలు ఏం తింటారండీ? కిరణుకి బయటి తిండి అస్సలు పడదు కూడానూ" అంది ఆవిడ.

సరే, ఉంటానమ్మా అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టలేదు. మిక్సీ ఆగింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినపడింది. తర్వాత ఆవిడ గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఇంతకీ ఆ స్టేషను పేరేమన్నారు?"